రెండు వందల పన్నెండు

ఎల్గోయిబార్‌లో వాన పడదు, వేలాడుతుంది
దేబా నది మీంచి మా షెడ్డు కిటికీ దాకా.
లోపల నేను, పన్నెండు మిల్లీమీటర్ల రీమరు,
ఎవరి మాటా వినని స్టీలు దిమ్మ.
దిమ్మలో పదకొండుంముప్పావుకి డ్రిల్లు చేసిన రంధ్రం.
మిగిలిన ఆ పావు మిల్లీమీటరే
నా ఉద్యోగం మొత్తం.

డ్రిల్లు గడ్డపార లాంటిది. దారి లేని చోట దారి.
రీమరు దారి వేయదు,
వేసిన దారిని నమ్మదగ్గదిగా చేస్తుంది.
దారే వంకరైతే ఆ వంకరనే నున్నగా చేసిపెడుతుంది,
దాని తప్పేం లేదు.

చేరిన కొత్తలో కాగితం మీద లెక్క కట్టి చూపించాను:
నిమిషానికి ఎనిమిది మీటర్ల కోత వేగం,
పన్నెండు వ్యాసం,
రెండు వందల పన్నెండు చుట్లు.
"భేష్ గరాసీ," అన్నాడు ఎవుస్తాకియో మేస్త్రి,
"ఇప్పుడు మిషన్ని అడుగు."
మిషన్ దగ్గర నూట ఎనభై ఉంది. రెండు వందల యాభై ఉంది.
నా జవాబు ఉండాల్సిన చోట
రెండు గేరుల మధ్య ఉత్త సందు.
"లెక్క అడిగేది ఒకటి, గేరు పెట్టేది ఒకటి.
పెట్టిందే తినాలి.
అనుమానమొస్తే కింది మెట్టు."

కింది మెట్టే ఎక్కాను.
నలభై గంటలు పనిచేసిన దిమ్మ, చివరి రంధ్రం, భయం.
ఫీడు కూడా తగ్గించాను,
పసిపిల్లకి ఉగ్గు పెట్టినంత మెల్లగా.
రీమరు మూలిగింది. తర్వాత కీచుమంది.
తీసి చూస్తే గోడ నిండా అలలు,
గుండ్రమని ఒట్టేసి
ఏడు మూలలతో తేలిన రంధ్రం.
గేజిలో 'పో' వైపు పోయింది.
'ఆగు' వైపూ పోయింది.

మేస్త్రి తిట్టలేదు. తిట్టినా బాగుండేది.
చిటికెన వేలు లోపల పెట్టి తడిమాడు,
గంధకం వాసన కొట్టే నల్ల నూనె చొక్కాకే తుడుచుకున్నాడు.
"కోయలేదు నువ్వు. రుద్దావు.
రుద్దితే స్టీలు మొండికేస్తుంది, ఇంకా బిగుసుకుంటుంది.
మనుషుల్లాగే అనబోయాను, మా ఆవిడ వింటే కష్టం.
తిరగడం నిదానం, దిగడం కాదు.
డ్రిల్లులో సగం వేగం, రెట్టింపు ఫీడు.
చుట్టుకి పావు మిల్లీమీటరు తొయ్యి, పంటికి తిండి పడాలి.
నిదానమే ప్రధానం, అది చుట్లకి.
ఆలస్యం అమృతం విషం, అది ఫీడుకి.
ఇంకోటి. తీసేటప్పుడు వెనక్కి తిప్పకు,
ఎంత పశ్చాత్తాపం ఉన్నా."

ఆ సాయంత్రం రీమరు కడుగుతూ పళ్ళు లెక్కపెట్టాను. ఆరు.
వాటి మధ్య ఎడాలు సమానంగా లేవు.
ఎవరో తాగి చేశారనుకున్నాను.
కావాలనే చేస్తారట,
అన్నీ ఒకే ఎడంలో ఉంటే
ఒకదాని వణుకు ఇంకోటి అందుకుని పాడుతుందట.

మేస్త్రి ఇప్పుడు నది అవతల టమాటాలు పెంచుతున్నాడు.
ఇక్కడ కొత్త మిషన్.
రెండు వందల పన్నెండు అడిగితే
రెండు వందల పన్నెండే ఇస్తుంది, దానికి సందులు తెలియవు.
నేను నూట ఎనభై నొక్కుతాను.
కుర్రాడు ఉనాయ్ ఎందుకంటాడు.
చెప్పడానికి నా దగ్గర లెక్క లేదు.

అడుగు మూసిన రంధ్రం ఇవాళ.
గేజి వదిలాను. పడలేదు.
కింద చిక్కిన గాలి మీద
కాసేపు నిలబడి, ఆలోచించుకుని,
తనంతట తాను దిగింది.
ఉనాయ్ ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు.
"రెండో వైపు పెట్టు," అన్నాను.
ఆగింది.