పూడిక

రోటర్‌డామ్ రేవులో ముప్పయ్యేళ్లు
పూడిక తీసిన వీబె
ఇవాళ బల్లమీద వెల్లకిలా పడుకుని
తన కాలువనే తెరమీద చూస్తున్నాడు.

కూర్చున్నా వదలని నొప్పి,
నిద్రలోంచి లేపే నొప్పి.

గజ్జలోంచి పాకిన తీగ చివర
వడ్లగింజంత బుడగ ఉబ్బింది.
అరవై దాకా లెక్కపెట్టమంది నర్సు హిల్కె.
నలభై దగ్గర అదే నొప్పి
అప్పులవాడిలా తలుపు తట్టింది.

"దారి తెరుచుకుంది,"
చేతితొడుగులు విప్పుతూ అన్నాడు డాక్టరు,
"ఆర్నెల్లలో ముగ్గురిలో ఒకరికి
మళ్లీ మూసుకుంటుంది."

"మాస్ నది నాకెప్పుడు మాటిచ్చింది గనక?
తవ్వి, ఇంటికెళ్లి సూపు తాగేలోగానే
ఒండ్రు చేరేది.
ఈలోగా ఓడలు దాటేవి."

అక్టోబరులో మళ్లీ వచ్చాడు.
అరవై తనే మొదలెట్టాడు:
ఒకటి, చెల్లెలితో రాజీ.
రెండు, మనవరాలి సైకిలు వెనక పరుగు.
మూడు, పొగబెట్టిన ఈల్ చేప —
డాక్టరుకి చెప్పొద్దు.