మూడో అంతస్తు

లిమా శివారు, ఇసుక కొండ.
హెర్మెలిందా ఇంటి నెత్తిన
పదహారు ఇనుప చువ్వలు
ఎనిమిదేళ్లుగా నిలబడే ఉన్నాయి.
బట్టలారేసేటప్పుడు కన్ను పొడుచుకోకుండా
వాటి మొనలకి ఖాళీ సోడా సీసాలు బోర్లించింది.

మొదటి స్లాబు పోసిన నాడు ఒక అధ్యక్షుడు.
మెట్లు కట్టేసరికి ఇంకొకడు.
మూడో అంతస్తుకి సిమెంటు బేరమాడుతుండగా
మేస్త్రీ టెయోదోరో రేడియో గొంతు పెంచాడు,
విని, తాపీ కడిగేసుకున్నాడు.
"వారం ఆగుదాం సెన్యోరా,
డాలరు ఎటు దూకుతుందో."

ఆ వారం ఇంకా అవలేదు.

కూతురు రొసౌరా కాపురం వంటగదిలోనే.
ఉల్లిపాయల బుట్ట పక్కన ఉయ్యాల.

కింద నగరంలో గాజు అపార్ట్‌మెంట్ల ముందు
అమ్మకం బోర్డు మీద ధర కొట్టేసి
కొత్త ధర రాసి, దాన్నీ కొట్టేసి
చివరికి ఫోన్ నంబరొక్కటే మిగిలింది.
కొనేవాడు ఎన్నికలయ్యాక అంటాడు.
అమ్మేవాడు ఎన్నికల లోపే అంటాడు.
బ్యాంకు కుర్రాడు లోను సంగతెత్తడు,
కాఫీ మాత్రం ఇస్తాడు.

గోడ మీద పిల్లి అంటారు గానీ
ఇక్కడ పిల్లి ఎటు దూకిందో తేలాకే
గోడ లేస్తుందట.

సముద్రపు మంచు రాత్రంతా చువ్వల్ని నాకుతుంది.
తెల్లారేసరికి సున్నం మీద ఎర్రటి చారలు.
తేమకి బిగుసుకుపోయిన రెండు సిమెంటు బస్తాలు
సంచి ముడతలతో సహా రాయైపోయాయి.
ఇవాళ వాటి మీదెక్కి
హెర్మెలిందా ఒక సీసా మార్చింది.
పాతది పెళుసై పగిలింది.

కొత్తది,
నిన్న రాత్రి టీవీలో
ప్రమాణస్వీకారం చూస్తూ
అందరూ తలా గుక్కెడు తాగింది.