నీళ్లు పడాలె

షార్జా పిట్టల మార్కెట్ల
పదకొండో నంబరు దుకాణం.
బేస్తారం రాత్రి కార్గోల సంచులు దిగుతయి,
ఒక్కో సంచిల రెండొందలు,
దబ్బనమంత చాపలు,
నడుమ మీద నీలం గీత, కింద ఎరుపు.

కార్డినల్ టెట్రా అంటరు.
నాకు నోరు తిరగక
గాజుపెంకులు అని పెట్టుకున్న.

వీటి నది బ్రెజిల్ల ఉందట,
నీళ్లు నల్లగ, డికాషన్ లెక్క,
అడివాకులు నాని నాని.
షంసు చెప్పిండు. వాడూ చూడలే.

సంచి రాంగనే ఒంపొద్దు.
మూతి కట్టే ఉండాలె, అరగంట తేలాలె,
అటెంక చెంచెడు చెంచెడు
తొట్టి నీళ్లు సంచిలకు.
ముందటి వారం తొందరపడ్డ.
తెల్లారేసరికి నలభై మూడు, తెల్లగ, పైన.
నీళ్లు పడలే.
ఈ మాట సేఠ్‌కు హిందీల ఎట్ల చెప్పాలె?
"పానీ నహీ గిరా" అన్న.
వంగి నేల దిక్కు చూసిండు,
తడి యాడుందో అని.

ఈడి నల్లా నీళ్లు సముద్రానివే,
ఉప్పు తీసి పంపుతరు.
ఉప్పుతోటి ఇంకేదో పోయింది,
నాలుక మీద వట్టి తడి.

మసీదు గోడ పక్కన బాదం చెట్టు.
ఊడ్చే ఫజ్లూ ఎర్రాకులు నాకోసం
ఓ పక్కకు కుప్ప పెడతడు.
మోదుగాకు దొరకనప్పుడు
మా చిన్నమ్మ గివే కుట్టేది ఇస్తార్లు.
బువ్వ తిన్న ఆకును
తొట్టిల ఏస్తుంటే చెయ్యి జర ఆగింది.

మూడొద్దులకు నీళ్లు చాయ్ రంగు తిరిగినయి.
మురికి, పారబొయ్యి అన్నడు సేఠ్.
అప్పటికే చాపలు మూల ఇడిసి
నడిమికి వచ్చినయి.
ఆయన ఇంకో మాట అనలే.

పదిన్నరకు లైట్లు బందు.
ఫోను ఎలుగుల చూస్తే గీత ఉండది,
వట్టి బూడిద.
మొదటిసారి షంసును నిద్రల లేపిన.
పొద్దుగాల్ల బల్బేస్తే
మెల్లగ, తోకకెల్లి మొదలువెట్టి
నీలం ఎక్కుతది,
ఎవరో సూదిల దారం గుచ్చుతున్నట్టు.

నిన్న ఓ పిల్లగాడు, సూడాని,
వాళ్ల నాయినతోటి వచ్చి పది కొన్నడు.
ఎన్నొద్దులు బతుకుతయి అన్నడు నాయిన.
నీళ్లు నమిలిన.
రెండాకులు మడిచి సంచి మీద పెట్టి
"నీళ్లు పడాలె" అన్న, తెలుగుల్నే.
తలూపిండు.

బయట కార్ల నడుమ
సంచి ఎండకెత్తి పిల్లగాడు లెక్కవెడుతున్నడు.
తొమ్మిదే వచ్చినట్టుంది.
మల్ల ఒకటి నుంచి.