అరవై కాయల దూరం

ఓడలు రావడం మానేసిన రెండో ఏడు
బూగెన్‌విల్ కొండల్లో ఆల్ఫోన్స్ నావుకా
తన ట్రక్కు టాంకు మూత తీసి
లోపలికి పిలిచి చూశాడు.
నూతిలోంచి వచ్చినట్టు
తన గొంతే తిరిగొచ్చింది.

ఉప్పు లేదు. సబ్బు లేదు. మాత్రల్లేవు.
తీరం పొడుగునా తుపాకుల పడవలు.
కొబ్బరికాయలు మాత్రం
ఎవరి ఆజ్ఞా తమకు పట్టనట్టు
రాత్రుళ్ళు ధబ్బుధబ్బున రాలుతూనే ఉన్నాయి.

"ఇనుముకేం తెలుస్తుందిరా
తాగేది నేల కింది నూనో, చెట్టు మీది నూనో"
అంది పెద్దమ్మ పెర్పెటువా.
అక్కడ నేల ఆడవాళ్ళది,
చెట్లూ వాళ్ళవే.
కనక అది సలహా కాదు, అనుమతి.

తురిమారు. పిండారు. కాచారు.
చిటపట ఆగేదాకా కాచారు.
చిటపటంటే నీళ్ళున్నట్టు,
నీళ్ళుంటే పంపు చచ్చినట్టు.
తర్వాత పాత ఫాదిరీ అంగీని
నాలుగు మడతలేసి వడకట్టారు.
(అంగీ ఎలా వచ్చిందని అడక్కండి.)

మొదటిరోజు ఇంజను పలకలేదు.
కొండచలికి నూనె
మాఘమాసంలో తలనూనె సీసాలా
తెల్లగా పేరుకుని గొట్టంలో కూర్చుంది.
ఆల్ఫోన్స్ ఎవర్నీ తిట్టలేదు.
పొగగొట్టం చుట్టూ సన్నటి రాగిగొట్టాన్ని
జడపాయలా మెలివేసి
పోయే వేడిని వచ్చే నూనెకి కప్పాడు.
నిద్ర లేపడానికి మాత్రం
దాచిపెట్టిన ఒక బీరుసీసాడు డీజిలు,
ఉగ్గుగిన్నెతో పోసినట్టు, రోజుకో గుక్క.

దగ్గింది. వణికింది.
ఇక ఆగిపోతుందనుకున్నప్పుడు అందుకుంది.

ఆనాటినుంచి ఊరి కుక్కలన్నీ ట్రక్కు వెనకే.
ఎవరో ఏదో వేయించుకుంటూ పోతున్నారని
వాగు దాటేదాకా పరుగెత్తి
నాలుకలు వేలాడేసుకుని
ఖాళీ మూతులతో తిరిగొచ్చేవి.
మళ్ళీ మర్నాడూ అదే ఆశ.

కిలోమీటర్లు పోయాయి.
పన్నెండు కాయలకి లీటరు,
ఆ లెక్కనే దారి కొలుచుకున్నారు.
వాగు, నాలుగు కాయలు.
చర్చి, తొమ్మిది.
చుట్టపుచూపుకి పాతిక కాయలంటే
"అంత చుట్టరికం లేదులే" అని ఊరుకున్నారు.
ఆస్పత్రి, అరవై.

క్లెమెన్సియాకి నొప్పులెత్తిన రాత్రి
డబ్బాలో ఉన్నది నలభై కాయల నూనె.
ఎవరూ ఎవర్నీ పిలవలేదు.
చీకట్లో ఒక ఇంట కోరాము చప్పుడు,
తర్వాత పక్కింట,
తర్వాత అవతలి గట్టు మీద,
కర్రు, కర్రు, కర్రు,
కొండ నిద్రలో పళ్ళు కొరుకుతున్నట్టు.
ముసలి ఒటీలియా
నాటడానికి మొలకెత్తించిన కాయల్నీ పగలగొట్టింది.
లోపలి పువ్వులు తీసి పిల్లల చేతుల్లో పెట్టింది.
వాళ్ళు నములుతూ, నూనె కాగడం చూస్తూ కూర్చున్నారు.

తెల్లారగట్టకి యాభై ఏడయ్యాయి.
"ఇంకో మూడు?" అన్నాడు ఆల్ఫోన్స్.
"చివర దిగుడేగా," అంది పెర్పెటువా,
"న్యూట్రల్లో పోనీ."

దిగుడులో ఇంజను చప్పుడు లేదు.
చక్రాల కింద గులకరాళ్ళు,
వెనక పరుపు మీద క్లెమెన్సియా శ్వాస,
అంతే.
ఆస్పత్రి గేటులోకి దొర్లుకుంటూ వచ్చి
గోడకి ఆనుకుని ఆగింది ట్రక్కు.
నర్సు అప్పటికే లాంతరు పట్టుకుని బయట ఉంది,
వాసన ముందొచ్చి చెప్పిందట.

ఆడపిల్ల.
బడిలో ఏ పేరు రాశారో గానీ
ఊళ్ళో ఇప్పటికీ "మూడు తక్కువ" అంటారు.
పిలిస్తే పలుకుతుంది, కోపంగానే.

తర్వాత ఓడలొచ్చాయి. డ్రమ్ములు దిగాయి.
ఇంజను విప్పితే
ఇంజెక్టర్ మొనల దగ్గర తేనెరంగు జిగురు,
గోటికి రానంత గట్టిగా.
ఆల్ఫోన్స్ దాన్ని కత్తితో గీకి
పొగాకు డబ్బాలో వేసుకున్నాడు.
ఎందుకంటే చెప్పడు.

ఇప్పుడు ట్రక్కు నల్లగా పొగ వదులుతూ
మలుపు తిరుగుతుంది.
కుక్కలు ఒకసారి తలెత్తి చూసి
మళ్ళీ పడుకుంటాయి.