కోక్ దగ్గర గంట

కారాకోల్‌లో జనవరి. ఏడున్నరకీ చీకటే.
హీటరు మీద చేతులు కాచుకుని
నల్లటి తెర ముందు కూర్చుంటాను.
కె, ఓ, రెండక్షరాలు కొట్టి
ఎడమ చిటికెన వేలితో ట్యాబ్ నొక్కుతాను.
కోక్ దాకా వచ్చి ఆగుతుంది.
టింగ్.

కోక్ అంటే మా భాషలో నీలం.
పచ్చికకీ అదే మాట, ఆకాశానికీ,
మంచుకొండల కింద ఊరే చెరువులకీ.
కోక్-జార్, కోక్-మొయ్నోక్, కోక్-తోర్.
ఏ నీలమో తేల్చమంటుంది గంట.
అడగందే అమ్మయినా పెట్టదు,
మళ్ళీ నొక్కితే గాని
పేర్లన్నీ వరసలో నిలబడవు.

ఈ అలవాట్లు ఒరొజ్బేక్ గారివి.
చుక్కతో మొదలయ్యే పేరు పెట్టి దాచిన ఫైల్లో
ఆయన ఇరవయ్యేళ్ళ చిరాకులు, నూటపదకొండు వరసలు.
పెద్దక్షరం చిన్నక్షరం ఒకటేననుకోమని ఒక వరస.
కీబోర్డు రష్యన్‌లో ఉండిపోయి పిచ్చిరాత పడినా
అర్థం చేసుకోమని పదిహేను.
పక్కన ఒక చోట:
ఇదెందుకు పనిచేస్తోందో నాకూ తెలీదు, ముట్టుకోవద్దు.

నేనూ మార్చాను కొన్ని.
గంట తీసేశాను రెండ్రోజులు.
ఆగిందో చచ్చిందో తెలిసేది కాదు, మళ్ళీ పెట్టాను.
లోతు అడిగితే గొట్టం దింపిన చెరువులే రావాలి,
ఫోటో అడిగితే కెమెరా ఉన్నవే,
నిన్న పిలిచింది ఇవాళ ముందు రావాలి.
మాట నోట్లో ఉండగానే అందుకునే మనుషులు నాకు పడరు
(మా మరిది ఒకడు).
ఇది మాత్రం నేను నేర్పిన మేరకే అందుకుంటుంది.

జులైలో కోక్-తోర్ తెగింది.
ఒక్క రాత్రిలో చెరువంతా లోయలోకి దిగింది.
రెండు వంతెనలు, ఒక ఆప్రికాట్ తోట,
సెలవులకి తాళం వేసిన బడి.
మనుషుల్ని సాయంత్రమే కదిలించాం.
ఇప్పుడక్కడ ఎండిన బురద గిన్నె.
పిలిచేవాళ్ళు లేక ఆ పేరు
జాబితాలో రోజుకింత కిందికి జారి
అడుగున కూర్చుంది.

సోమవారం కొత్తగా చేరిన తిలెక్ చూశాడు.
"లేని చెరువెందుకక్కా, తీసేస్తా."
తీసివేత ఆజ్ఞ కొట్టి, కె, ఓ, ట్యాబ్.
ఏమీ రాలేదు. మళ్ళీ నొక్కాడు.
గంటయినా మోగలేదు.
"ఈ కీ పోయినట్టుంది."

పోలేదు. అరవై మూడో వరస అది:
తీసివేతకి సాయం చెయ్యకు.
అన్నిటికీ ముందే పరిగెత్తే యంత్రం
అక్కడ మాత్రం చేతులు కట్టుకుని నిలబడుతుంది.
పారేసేదాని పేరు
అక్షరం అక్షరం మనమే మోసుకురావాలి.

తిలెక్ మోశాడు, నాలుక కొన బయటపెట్టి.
మధ్యలో అడ్డగీత మర్చిపోయాడు.
అలాంటి చెరువు లేదు, అంది తెర.
"అదేగా నేనూ అంటున్నది!"

ఇద్దరికీ టీ పోశాను.
అడ్డగీత సంగతి నేను చెప్పలేదు.