మేము, మనం

చీమకుర్తిలో మా షెడ్డుకి
ఆ ఏడు ఒకే నెలలో రెండు ఆర్డర్లొచ్చాయి.
రెండు దేశాలు. ఒకే పాత యుద్ధం. ఒకే పక్షం.
"జట్టంట," అన్నాడు గుమాస్తా బాజీ,
"ఒకళ్ళ మీద దెబ్బ పడితే ఇద్దరూ లేస్తారంట,
సంతకాలు గూడా అయినాయంట."

రాయి కూడా ఒకటే.
రామతీర్థం వైపు క్వారీలో, మనుషులు చీమల్లా కనపడే లోతు నించి
క్రేను లేపిన ఒక్క దిమ్మ.
రంపాల కింద రెండు రోజులు నీళ్ళు తాగి
పలకలుగా విడిపోయింది.

మొదటి దేశం రాసింది:
చుక్కలెక్కువున్నవి పంపండి, ఎండలో మెరవాలి.
రెండోది రాసింది:
చుక్కలొద్దు. వానలో ఎదురుగా నిలబడ్డవాడికి
తన మొహం తనకి కనపడే నలుపు చాలు.
మాలకొండయ్య పలకల మీద నీళ్ళు చల్లి
మిరపకళ్ళంలో తాలు ఏరినట్టు
వంగి వంగి ఏరాడు.

చెక్కేది నేను.
మూతికి తువ్వాలు, చేతిలో ఇసక చిమ్మే గన్ను,
నాకు రాని భాషలో
అక్షరం అంచు చెదరకూడదు, అంతే నా పని.
మొదటిదాంట్లో రెక్కలు చాచిన పక్షి, వరసగా పేర్లు,
కింద రెండడుగుల జాగా ఖాళీగా వదలమన్నారు.
రెండోదాంట్లో పేర్లే లేవు. ఒక్క వాక్యం.

బాజీ ఫోన్లో పెట్టి చదివాడు.
ఒకటి: మేము గెలిచాం.
ఇంకోటి: మేము మళ్ళీ వెళ్ళం.
"మేమా, మనమా?" అడిగాడు మాలకొండయ్య.
"వాళ్ళకి రెంటికీ ఒకటే మాటంట మావా,
ఫోను మేమనుకుంది."

మూడేళ్ళకి ఎక్కడో మళ్ళీ మొదలైంది.
కర్నూలు రోడ్డు మీద టీకొట్లో టీవీ అరుస్తోంది.
మొదటి దేశం ఓడలు కదిలాయి.
రెండోది మందులు పంపింది, దుప్పట్లు పంపింది,
మనుషుల్ని పంపలేదు.
ద్రోహమన్నాడొకడు, పిరికితనమన్నాడొకడు,
ఒప్పందం నాలుగో పేజీ తెర మీద చూపించారు.

మాలకొండయ్య గ్లాసు తిప్పి కడిగి పెట్టాడు.
"కాయితం మీద ఏం రాసుకుంటే ఏంది?
రాతి మీద రాసుకుంది మనం చూళ్ళా!"
నేనేం మాట్లాడలేదు.
ఆ రెండడుగుల ఖాళీ జాగానే కళ్ళల్లో ఆడుతోంది.
ఏ నున్నటి రాయీ నన్నంత భయపెట్టలేదు.

మొదటి మాట చెక్కగానే
వెంట్రుకంత బీట బయటపడి
పక్కన పారేసిన పలకొకటి ఉంది మా దొడ్లో.
ఏ దేశానిదో మర్చిపోయాను.
దాని మీదే అంకమ్మ బట్టలుతుకుద్ది.
సబ్బునురగ గాడిలో నిండి
ఆ మాట తెల్లగా పైకి తేల్తుంది.

"ఏందయ్యా ఇది రాసుండేది?"
"మేము, అని."
చేతిలో చొక్కా పిండుతూ ఆగింది.
"మేమంటే?
నన్ను కలుపుకునా, కలుపుకోకుండానా?"

చెంబుడు నీళ్ళు కొట్టింది.
నురగ పోయింది.
గాడి ఉంది.