లోపలికి జరగండి

బుధవారం నీకు ఆపరేషనంట కదా షేకున్‌బీ,
డిపోలో చెప్పినారు.
డాక్టరమ్మ చెప్పేటివి డాక్టరమ్మ చెప్తాది.
ఆమె బస్సులో నిలబడి టిక్కెట్లు కొట్టిన మనిషి కాదు,
మిగతాది నేను చెప్తా, విను.

మెలకువ వచ్చినాక ముందు నొచ్చేది కడుపు కాదు మే,
భుజం.
కోసింది యాడ, నొప్పి యాడ అని బిత్తరపోతి.
కడుపులోకి ఎక్కించిన గాలి పైకి తంతాదంట,
నర్సు ఎస్తేరు చెప్పింది, రెండు దినాల్లో పోయింది.

దగ్గొస్తే తలగడ కడుపుకు అదుముకొని దగ్గు.
నవ్వు కూడా అట్లే నవ్వల్ల.
పక్క మంచం పామిడి ఆమె
మొగుడు గంజి కాచిన కథ చెప్తే
వార్డంతా తలగడలు పట్టుకొని నవ్వినాం.

గొట్టం తీసినాక నా అంతట నేను ఒంటికి పోయిన పొద్దు
ఉద్యోగం వచ్చిన దినమంత సంతోషం.
దొడ్డికి మాత్రం నాలుగు దినాలు ఏడిపించింది.
అంజూరం నానబెట్టుకో. సిగ్గుపడాకు, అడుగు.

అండాశయాలు తీస్తారో ఉంచుతారో ముందే అడుగు.
నాకు ఉంచినారు.
తీసినోళ్లకు ఎండాకాలం ఒంట్లోనే మొదలవుతాదంట,
మా వీధి ఖాజాబీ సంక్రాంతి చలిలో
తెల్లార్లూ ఫ్యాను కింద కూర్చొనేది.

ఇంటికొచ్చినాక బిందె ఎత్తాకు.
ట్యాంకరు హారను కొడతాంటే కాళ్లు లాగుతాయి,
అట్లే కూర్చో.
మా ఓబులేసు మొదటి దినం నాలుగు బిందెలు మోసి
గడప మీద కూలబడి నా దిక్కు చూసినాడు,
ఇన్నేండ్లు ఇవన్నీ ఎవరు మోసిరి అన్నట్ల.

నాలుగో వారం మధ్యాన్నం
సంకటి తింటా తింటా ఏడుపొచ్చింది.
ఊరిబిండి కారమనుకుంటి.
కారం కాదు.
ఇద్దరు పిల్లోళ్లతో చాలనుకున్న కడుపే.
ఆరేండ్లు నెత్తురు కార్చి నన్ను పీల్చిన సంచే.
కల్యాణదుర్గం బస్టాండులో చీర వెనక తడిని
క్యాష్ బ్యాగుతో కప్పుకొని నడిచిన దినాలు
నాకు తెలుసు, నీకూ తెలుసు.
పీడ పోయిందనుకుంటి. పోయింది కూడా.
అయినా దానికోసమే ఏడిస్తి.
రెండూ నిజమే మే,
ఒకదాని కోసం ఇంకోదాన్ని అబద్ధం చేయాకు.

"ఇంక నువ్వు సగం మనిషివే" అనింది మా ఆడబిడ్డ సుంకులమ్మ.
నాకు సగం టిక్కెట్టు కొడతావా అని నోటిదాకా వచ్చింది,
అనలేదు.
రాత్రంతా ఆ మాటే నమిలినా.

నువ్వు ఇంకోటి అడగల్లనుకుంటాండావు, అడగలేకున్నావు.
తొందరేం లేదు.
రెండు నెలలు దూరం పండుకున్నాడు,
భయం నాకన్నా ఆ మనిషికే ఎక్కువ.
ఆ తర్వాత బాగానే ఉండాది.

ప్యాడ్లు రెండు ప్యాకెట్లు మిగిలిండె.
ఒకటి మా పాపకు ఇస్తి.
ఒకటి ఇంకా డ్యూటీ బ్యాగులోనే ఉండాది,
ఎందుకో తెలీదు.

సంచి తీసిన చోట ఇప్పుడేముంటాది డాక్టరమ్మా అని అడిగినా.
ఏమీ ఉండదు,
పేగులు కొంచెం జరిగి సర్దుకుంటాయి అనింది.
నాకు నవ్వొచ్చింది.
ఇరవై రెండేండ్లు నేను అరిచిన మాటే కదా,
జరగండి, లోపలికి జరగండి, సర్దుకోండి!
ఆత్మకూరులో మూటతో ఒక ముసలామె దిగితే
కల్యాణదుర్గం చేరేలోపల
ఆ చోటు ఎవరిదో ఎవరికీ గుర్తుండదు.
నాకు గుర్తుంటాది.
టిక్కెట్టు కొట్టింది నేను కదా.

మూడో నెల డ్యూటీకి వచ్చినప్పుడు
బ్యాగు పొట్ట మీదికి వేసుకోవాకు, పక్కకు తిప్పుకో.
స్పీడు బ్రేకరు కనపడితే ముందే కమ్మీ పట్టుకో.
సాయంత్రం నాలుగు కొట్టేసరికి ఒళ్లు సోలిపోతాది,
అది సోమరితనం కాదు.

బుధవారం డ్యూటీ మార్చుకున్నా.
పొద్దున ఆరుకే వస్తా.
తలగడ నేను తెస్తా,
ఆసుపత్రివి గట్టిగా ఉంటాయి.